అమీనా మిస్ కడుపుమంట

అరబ్బు దేశంలో, జుబైల్‌లోని ఒక బడిలో ఇంగ్లీషు ఉచ్చారణ అంటే అమీనా మిస్సే. ప్రొద్దుటూరు మనిషి. భర్త బాషా దూరాన ఖఫ్జీ ఊళ్లో టెక్నీషియన్, సెలవు రోజు శుక్రవారం వచ్చి పోతుంటాడు. అమీనా పర్సులో ఎప్పుడూ ఒక చిన్న అద్దం, టిష్యూ కాగితాలు ఉంటాయి. పిల్లల పెదాల ముందు కాగితం పట్టుకుని ‘పెన్’ అనిపిస్తుంది. ‘పె’ గాలికి కాగితం ఎగరలేదా, మళ్లీ అనాల్సిందే! క్లాసులో ఎవరైనా ఇంటి భాషలో ఒక్క ముక్క మాట్లాడితే మెడలో ఎర్ర కార్డు వేయాలని నియమం పెట్టించిందీ ఆమే. కార్డు లేదన్న మాటే గానీ, ఇంట్లోనూ అదే నియమం నడిపింది. భర్తతో తెలుగు, కూతురు రేష్మాతో ఇంగ్లీషు.

అట్లాంటి ఆమె రాజ్యంలోకి నైజీరియా నుంచి ఫొలాకే అనే కొత్త టీచరు వచ్చింది. ఆమెది యొరుబా భాష. వచ్చి నెల తిరక్కముందే ప్రిన్సిపాల్ అబ్దుల్ హమీద్ సారు నాలుగో తరగతి ఉచ్చారణ క్లాసును అమీనా దగ్గర్నుంచి తీసి ఆమెకు అప్పగించాడు. రేష్మా చదివేది అందులోనే. కడుపు మండదా మరి!

క్లాసు పోతే పోయింది, కన్నబిడ్డ కూడా పోయేట్టుంది. అన్నం ముందు కూర్చుంటే చాలు, ఫొలాకే మిస్ పురాణం మొదలు, అదీ ఇంగ్లీషులో. యొరుబాలో ‘వి’ లేదట, ‘జెడ్’ లేదట, అందుకని వాళ్ల ఊళ్లో కొందరు వ్యాన్‌ను ఫ్యాన్ అంటారట. మాట చివర అచ్చు పడందే వాళ్ల నాలుక ఊరుకోదట, బ్రెడ్‌ను ‘బురెది’ అంటారట. ‘మా జేజి బ్రెడ్డు అన్లేదా? అదేమంత వింత!’ అనుకుంది అమీనా. 

శుక్రవారం బాషా రాగానే అంతా కక్కేసింది.

“ఏం మందు పెట్టిందో ఏమో ఆయమ్మ! నా బిడ్డ నా మొగం గూడా చూడదు.”

“ఆమె పాఠం బాగా చెప్తాంటే నీకెందుకే కుళ్లు?”

“కుళ్లే! ఉంది. ఏమిప్పుడు?”

అక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే; ఆ పొద్దున బడి తెరవగానే అమీనా ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. ఫొలాకే పిల్లలతో ఇంటి భాషలు మాట్లాడిస్తోందని, నియమం అందరికీ ఒకటేనని చెప్పింది. చూద్దాం పదండన్నాడు సారు. ఇద్దరూ పోయి నాలుగో తరగతి గుమ్మంలో నిలబడ్డారు. ఈ దెబ్బతో క్లాసు తిరిగొస్తుందని అమీనా లోపల్లోపల మురిసిపోయింది.

“ఏ నాలుకా తప్పు చేయదు,” అంటోంది ఫొలాకే. “అమ్మ ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటుంది. ముందు అది ఎక్కడుందో చూసుకుందాం, ఆ తర్వాత ఇంగ్లీషు వైపు మెల్లగా జరుపుదాం. చెప్పండి, నీళ్లను మీ ఇంట్లో ఏమంటారు?”

మలయాళీ పిల్ల ‘వెళ్ళం’ అంది. పాకిస్తానీ పిల్ల ‘పానీ’ అంది. రేష్మా వంతు వచ్చింది.

“ఒమి.”

క్లాసంతా గొల్లున నవ్వింది. “అది మా యొరుబా మాట తల్లీ! మీ ఇంటి మాట చెప్పు,” అంది ఫొలాకే.

రేష్మా తల వంచుకుంది. “మా ఇంట్లో తెలుగు ఉంది మిస్. అది అమ్మానాన్నలది. నాకివ్వలేదు.”

అమీనా ముఖంలో నెత్తురు చుక్క లేదు. సారు ఆమె వైపు ఒకసారి చూసి, “ఆ ఎర్ర కార్డులు తీసేద్దాం మేడమ్,” అని వెళ్లిపోయాడు. క్లాసు ఫొలాకేకే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే అమీనా గ్లాసు నింపి కూతురి ముందు పెట్టింది.

“నీళ్లు. అను.”

“నీల్లు.”

“నీళ్లు!”

“నీల్లు.”

అద్దం తెచ్చి ముందు పెట్టింది, ళ రాలేదు. టిష్యూ కాగితం దీనికి పనికిరాదు. అమ్మ కళ్లలో నీళ్లు తిరగడం చూసి రేష్మా ఆమె చెయ్యి నిమిరింది. బాధపడొద్దనీ, నాలుక ఎక్కడ పెట్టాలో రేపు ఫొలాకే మిస్‌ను అడిగి వస్తాననీ ఇంగ్లీషులో ఓదార్చింది.

“అడిగితే కాళ్లు ఇరగ్గొడ్తా!” అని అమీనా కూతురి మీద మొదటిసారి తెలుగులో అరిచింది. “మన ళ సంగతి ఆయమ్మకేం తెల్సు? ఇట్ల రా. నా నోట్లోకి చూడు.”

కూతుర్ని ఒళ్లోకి లాక్కుని నోరు బార్లా తెరిచింది.