ఎటు వాలిన గీత

నానక్‌రామ్‌గూడ ఆఫీసులో కంప్యూటర్ల హెల్ప్‌డెస్క్ చూసే భవాని ఫోన్లో కూడా ఒళ్లంతటితో మాట్లాడుతుంది. ఫైలు ఎక్కడుందో దారి చెబుతూ ఫార్వర్డ్ స్లాష్ (/) అంటే ముందుకు వంగుతుంది, బ్యాక్‌స్లాష్ (\) అంటే కుర్చీలో వెనక్కి వాలుతుంది. అవతలి మనిషికి కనబడదని తెలిసినా ఆ అలవాటు పోదు.

ఆ ఉదయం సెక్యూరిటీ సూపర్‌వైజర్ మల్లయ్య కంగారుగా ఫోన్ చేశాడు. “బిడ్డా, నలభై మంది గార్డుల దసరా సెలవుల లిస్టు తెరుద్దామంటే ఫైలే లేదంటున్నది. నేనే చెరిపేసిన్నా ఏంది?” “ఫికర్ చెయ్యకు కాకా. దారి కొట్టినవు గదా, నడుమ గీతలు ఎటు వాలినయ్?” “ఎనకకు.” “మెట్లెక్కేటప్పుడు నువ్వెటు వంగుతవ్?” “ముందలికి.” “మన సర్వర్ల గవి గూడ గట్లనే వంగాలె. గవి తీసేసి క్వశ్చన్ మార్కున్న బటన్ ఒత్తు.” భవాని ముందుకు వంగే ఉంది. టకటకమని కొట్టిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే పెద్ద నిట్టూర్పు. “ఉన్నది బిడ్డా! నలభై పేర్లూ ఉన్నయ్.” ఆపై మెల్లగా అడిగాడు. “ఇగ నేను జర ఎనకకు వాలొచ్చునా?”

“వాలు కాకా” అంటూ భవాని కూడా కుర్చీలో వెనక్కి వాలింది.