నల్లబడిన సరస్సు గీత

అల్లా ఈ లోకానికి రంగులు పూసే ముందు, వెనక ఏ రంగు వేయమంటావని మా అమ్మమ్మ బుర్మాకాన్‌ను అడిగాడు. ఆవిడ తెలుపు అంది. మా కొండల మీద ఇంత మంచు ఉన్నది అందుకే. నమ్మనివాళ్ళు మా ఊరు కరకోల్ వచ్చి ఆవిడనే అడగండి. ముందు టీ ఇస్తుంది, తర్వాత తిడుతుంది.

కొండల్లో మంచు కరిగి నిండే సరస్సుల నీటిమట్టం చూడటం ఆవిడ ఉద్యోగం. నీళ్ళు ఎంత పెరిగాయో కంప్యూటర్‌లో గీతగా గీస్తుంది. ఎంత సన్నని గీతనైనా పట్టేస్తుంది కానీ నెత్తిమీదున్న కళ్ళజోడును మాత్రం ఇల్లంతా వెతుకుతుంది.

మొన్న వేసవిలో ఆ గీత ఒక్కసారిగా పైకి లేచింది. సరస్సు గట్టు నిలిచేలా లేదు. దాని కిందే, ఏటి ఒడ్డున, ఆవిడ తమ్ముడు ఎసెంకుల్ గుడారాలు వేసుకుని గుర్రాలు మేపుతున్నాడు. ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళే మెరక మీదికి లేచిపో."

"నిరుడూ ఇదే పాట పాడావక్కా. గుడారాలు మోసి నా నడుం విరిగింది, నీళ్ళు మాత్రం రాలేదు. ఈసారి గీత చూపించు, నా కళ్ళతో చూసి కదులుతా."

అమ్మమ్మ ఆ గీత ఉన్న బొమ్మను, పచ్చిక బయళ్ళలో మందలు మేపేవాళ్ళందరూ ఉన్న ఫోన్ గ్రూపులో పెట్టింది. వాళ్ళకు చేరింది నల్లటి పలక. ఆ గ్రూపులో నల్ల పలక పెట్టేది చావు కబురుకే. సంతాపాలు పోటెత్తాయి. ఒకాయన అప్పుడే చావు భోజనానికి కోయడానికి గొర్రెను కూడా కట్టేశాడట. ఎసెంకుల్ హడావిడిగా ఫోన్ చేశాడు.

"ఎవరు పోయారక్కా?"

"నువ్వే పోతావురా, అక్కడే కూర్చుంటే!"

ఆవిడ ఫోన్ అద్దాన్ని తలగుడ్డ అంచుతో తుడిచింది. వెలుగు పెంచింది. మళ్ళీ పంపింది. మళ్ళీ నలుపే. ఇంకొందరు ఏడ్చారు. కంప్యూటర్‌లో చూస్తే బొమ్మ నిక్షేపంగా ఉంది, తెలుపు మీద నల్లటి గీత. ఇంకొకరైతే ఫోన్‌ను తిట్టి ఊరుకునేవారు. ఆవిడ తిట్టింది కానీ ఊరుకోలేదు. కంప్యూటర్‌లోనే ఒక పేజీకి పసుపు రంగు పూసి, దాని మీద బొమ్మను పెట్టింది. గీత వెనక తెలుపు లేదు, పసుపు కనబడింది.

"అదీ సంగతి! పువ్వు కత్తిరించి పంపాను, కింద కంబళి కుట్టలేదు."

బొమ్మకు వెనక రంగే లేదు. కంప్యూటర్ తెర తెల్లనిది కనుక తెల్లగా కనిపించింది. ఫోన్ మాత్రం బొమ్మ బరువు తగ్గించేటప్పుడు ఆ ఖాళీని నలుపుతో నింపేసింది. నల్లటి గీత, నల్లటి అంకెలు అందులో కలిసిపోయాయి. ఎప్పుడో రంగు అట్టమీద అంటించడానికి ‘వెనక ఖాళీ’ అన్నచోట టిక్కు పెట్టి, తీయడం మరిచిందీ అమ్మమ్మే. వెంటనే తెలుపు నింపి పంపింది.

"గీత కనబడింది," అన్నాడు ఎసెంకుల్. "చుట్టూ ఇంకా నలుపే. తేదీలేవి? ఇది నిరుటిది కాదని ఏంటి నమ్మకం?"

గీత ఉన్న గడికి తెలుపు వేసింది కానీ, అంకెలూ తేదీలూ ఉండే అంచుకు వేయలేదు. ఆ రెండింటికీ రంగు విడివిడిగా చెప్పాలి. "గుడారం లోపల పరిచి గుమ్మం మరిచాను," అని నాలుక్కరుచుకుని అంచుకూ తెలుపు పోసింది. ఈసారి ముందు తన ఫోన్‌కే పంపుకుని చూసుకుని, ఆ తర్వాతే తమ్ముడికి పంపింది.

ఎసెంకుల్ ఫోన్ పెట్టేయకుండానే తేదీ చూసుకున్నాడు. తర్వాత కేకలు వినిపించాయి.

"తాళ్ళు విప్పండ్రా! నిన్నటి తేదీయే!"

మర్నాడు ఏరు ఉరికొచ్చి వాళ్ళ పొయ్యిరాళ్ళను ఎత్తుకుపోయింది. మనుషులు, గుర్రాలు అప్పటికే మెరక మీద ఉన్నారు. సంతాపానికి కట్టేసిన గొర్రెను సంతోషంగా కోసుకుని, తోక దగ్గరి మంచి ముక్కను పెద్దామె వాటాగా అమ్మమ్మకు పంపారు. ముక్కంతా ఆవిడే తింది, మనవణ్ణైన నాకు ఎముక మిగిల్చింది.

ఇదంతా నేను రాసి చదివి వినిపిస్తే, అమ్మమ్మ నెత్తిమీది కళ్ళజోడు తడుముకుంటూ అంది.

"అల్లా నన్నేమీ అడగలేదు. ఆ టిక్కు పెట్టింది నేను. తమ్ముణ్ణి చంపబోయిందీ నేనే. అది ముందు రాయి, లేకపోతే నీ కాగితం పొయ్యిలోకి పోతుంది."