బీమ్‌కు మూడో అర్థం

కోరుట్లలోని ఆ కోచింగ్ సెంటర్ గదిలో ఆ పొద్దున ఉన్నదల్లా: నేర్చుకునేవాళ్లు పదకొండు మంది, సెంటర్ నడిపే సారు, తెల్ల బోర్డు ఒకటి, మార్కర్లు రెండు, అందులో ఒకటి ఎండిపోయింది, పాఠం చెప్పడానికి నేను. స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికి అది పరీక్ష. జగిత్యాలలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఏడాదిన్నరగా సిరిసిల్లలో ఖాళీగా ఉన్నాను. ఆ ఉద్యోగం నాకు కావాలి.

పాఠం చెప్పమని సారు ఇచ్చిన చీటీలో ఒకటే నామవాచకం ఉంది: బీమ్.

ముందు వెలుగు సంగతి రాశాను. టార్చి నుంచి తిన్నగా వచ్చే కాంతి. 'ఎ బీమ్ ఆఫ్ లైట్' అనాలి, 'ఆఫ్' మరవకూడదు. రెండోది ఇంటి కప్పును మోసే దూలం. రెండుంటే బీమ్స్. మూడోది మగ్గానికి పడుగు దారం చుట్టి ఉండే పెద్ద రోలర్. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం, ఈ రోలర్‌ను భీము అంటాం. మా నాన్న వాటిని భుజం మీద మోస్తాడు.

సారు నవ్వాడు. "భీమా? పక్కకు బకాసురుడు గూడ ఉంటడా తమ్మి?"

అందరూ నవ్వారు.

"గది సాంచెలకాడి మాట. ఇంగ్లిష్ గాదు. తుడిచెయ్."

"ఇంగ్లిషే సార్. మనం వత్తు పెట్టి పలుకుతున్నం, గంతే."

ఫోన్‌లో డిక్షనరీ తెరిచి చూపించాను. మూడో అర్థం అందులో ఉంది.

"డిక్షనరీల మస్తుంటయ్. నా మెటీరియల్ల రెండే ఉన్నయ్. మూడోది తుడువు, రేపటి సంది డ్యూటీకి రా."

కథలాపూర్ నుంచి వచ్చే ఒకామె వెనక బెంచీలోంచి అంది: "మా ఆయన భీవండిల సాంచె నడిపిండు సార్. నాకు గా మూడోదే జల్ది సమజైంది."

"ముచ్చట వద్దమ్మా, రాసుకో."

"ఎన్ని రాసుకోవాలె సార్, రెండా మూడా?"

సారు నా వైపు చూశాడు. డస్టర్ నా చేతిలోనే ఉంది. తుడిస్తే ఉద్యోగం వస్తుంది. రేపు ఇదే గదిలో ఎవరైనా మూడో అర్థంతో ఆ మాట వాడితే, తప్పని ఎర్రపెన్నుతో కొట్టేయాల్సింది కూడా నేనే.

డస్టర్ బల్ల మీద పెట్టి, మూడో అర్థం కింద వాక్యం రాశాను: 'మై ఫాదర్ క్యారీస్ బీమ్స్.' అందరిచేత రెండుసార్లు చదివించాను.

"నీతోని నడువది తమ్మి," అన్నాడు సారు.

"సరే సార్," అని బ్యాగు తీసుకున్నాను.

బెంచీల మధ్య నుంచి బయటికి వస్తూ నోటుబుక్కులు చూశాను. మూడో అర్థం రాసుకున్నవాళ్లు పదకొండు మందిలో ఏడుగురు.