రేకుల మీద గంజి గుడ్డ

నేను భివండి పోవుడికి కారణం ఒక ఫొటో. మా లచ్చక్క పంపింది. ఒక కార్ఖానా రేకుల మీద తెల్లటి పెద్ద బొంత పరిచి ఉన్నది. దాని మీద అక్కడక్కడ చేపలు, చెట్లు, చేతులు, ఒక మూలకు ఆటో గూడ కుట్టి ఉన్నయ్. కింద అక్క గొంతు: "గిది మా గల్లీ ఆడోళ్లం కుట్టినం చెల్లె. ఎండకు." నేను కోరుట్లల ఇరవై ఏండ్లసంది బట్టలు కుడుతున్న. గంత పెద్ద గుడ్డ ఏ మిషన్ కింద పట్టింది, ఏ కుట్టు ఏసిండ్రు, గాలికి చినుగుతలేదా అని ఒకటే ఆలోచన. ఫోన్ చేసి అడిగితె "ఏదో కుట్టినం తియ్యి" అని దాటేసింది. ఇంకొకరి కుట్టు కండ్లతోని చూడకపోతె నాకు కడుపు ఉబ్బుతది.

రెండో కారణం బావ. అక్క పెనిమిటి నర్సయ్య బావ భివండిల కామత్‌ఘర్‌ కాడ ముప్పై ఏండ్లసంది సాంచెలు నడుపుతున్నడు. కరెంటుతోని నేసే మగ్గాలను మా దిక్కు సాంచెలంటం. పోయిన ఎండకాలం పట్టపగలు ఆ సాంచెల నడుమనే సోయి తప్పి పడ్డడు. రెండు రోజులు సెలైన్ ఎక్కిచ్చిండ్రు. ఈసారి ఎండలు ఇంకా ముందే ముదిరినయ్. కాల్హేర్ గోదాములల్ల లారీలకు సామాన్ ఎక్కించే పని ఉన్నదట, ఆదివారం లోపల అవునో కాదో చెప్పాల్నట. బావ పోత అంటున్నడు. "నడుం నొప్పి మనిషి చెల్లె. పెట్టెలు మోస్తె మంచానికే పడుతడు" అని అక్క ఫోన్‌ల ఏడ్సింది. ఆ గుడ్డతోని కార్ఖానా సల్లవడితె బావ ఉంటడు, లేకుంటె పోతడు.

మంగళవారం పదకొండున్నరకు దుకాణం తాళం కోడలి చేతిల పెట్టి నిజామాబాద్ బస్సు ఎక్కిన. ఆధార్ చూపిస్తె ఆడోళ్లకు టికెట్ లేదు. ఆర్మూర్ దాటినంక కిటికీలకెల్లి వచ్చే గాలి పొయ్యి ముందర కూసున్నట్టే ఉన్నది. రెండున్నరకు దిగిన. నాలుగున్నర రైలు ఐదింటికి వచ్చింది. స్లీపర్ టికెట్ మా కొడుకు తిప్పలవడి తత్కాల్‌ల తీసిండు. మీరు ఎండకాలం పోయేదుంటె రెండు వారాల ముందే తీసుకోండ్రి, తర్వాత దొరకయ్.

నా ఎదురుంగ బోధన్ ఆయన కూసున్నడు. ముప్పై ఐదేండ్లు ఉంటయేమో. ఏం పని తమ్మీ అని అడిగితె కాల్హేర్‌ల గోదాము పని అన్నడు. నా చెవులు నిక్కపొడుచుకున్నయ్. సగం సర్వపిండి తెంపి చేతిల పెట్టి, మెల్లగ కూపీ లాగుడు మొదలుపెట్టిన.

"అక్కడ నీడ పట్టునే గద పని?"

"నీడనే అక్కా. గని పైన రేకులు, పక్కలకు గోడలు, గాలి రాదు. మధ్యాహ్నం లారీల సొచ్చి సామాన్ సర్దుతుంటె పానం పోయి పానం వస్తది."

"యాభై దాటిన మనిషి చేస్తడా?"

సర్వపిండి నమలుకుంటనే, "చేస్తడు. ఒక్క ఎండకాలం చేస్తడు" అన్నడు.

బుధవారం పొద్దున ఆరూ ఇరవైకి కల్యాణ్‌ల దిగిన. స్టేషన్ బయటనే భివండి బస్సులుంటయ్. ఇక్కడ ఆడోళ్లకు సగం టికెట్. భివండిల దిగి షేర్ ఆటో ఎక్కిన. ముగ్గురు కూసునే సీట్ల నలుగురం. కామత్‌ఘర్ గల్లీలు మొదలైనంక ఆటో చప్పుడు గూడ వినవడలే, అటు సాంచెలే, ఇటు సాంచెలే. ఎనిమిదింటికి అక్క ఉండే చాళి ముందర దిగిన. ఒకటే వరుసల పన్నెండు ఖోలీలు, అంటె ఒంటి అర్ర ఇండ్లు, అందరికీ కలిపి ఒక్క నల్లా. నల్లా పొద్దుగాల ముప్పావు గంట వస్తది. ఆ నీళ్లతోనే తెల్లారిందాక ఎల్లాలె. ఇంటికి రెండు డ్రమ్ములు, మా అక్క గవాటి మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది.

చాయ్ తాగి మొదలు గుడ్డ చూస్తనన్న. పక్క బిల్డింగ్ మూడో అంతస్తు పైకి తీస్కపోయింది. ఫొటోల కనవడ్డదానికన్న పెద్దగున్నది. రేకులకు జానెడు ఎత్తున బొంగులు కట్టి, వాటి మీద పరిచిండ్రు. మరకలు పడ్డ ముక్కలు, పడుగు చుట్టే బీము కొసకు మిగిలిన పేలికలు ఇంటింటికి పంచుకొని, ఎవరి ఇంటి ముక్క వాళ్లు కుట్టి, అన్ని కలిపి అతికిండ్రు. లేకుంటె గవి నూలు సైజింగ్ కార్ఖానాల బాయిలర్లల్ల కాలవెట్టనీకి పోతయట. ఎవరి ముక్క మీద వాళ్ల గుర్తు పెట్టుకున్నరు. ఆటో నడిపేటాయన ఇల్లు ఆటో, చేపలమ్మే ఇల్లు చేప. మిషన్ కుట్టు కాదు, ఎనిమిది పోగులు పేని, దబ్బనంతోని ఏసిన బొంత కుట్టు. కిందికి దిగి, నిచ్చెనేసుకొని రేకుల కాడికెక్కి కుట్టు కుట్టు పట్టి చూసిన, ఒక్కటి గూడ వదులు లేదు. నాకు లోపల కుళ్లు గూడ వచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలె.

"గంత పైన బొమ్మలెందుకే? ఎవరు చూస్తరు?" అన్న.

"కాకులు చూస్తయ్. నువ్వు చూస్తలేవా?" అన్నది అక్క.

గని ఒక వాసన. పులిసిన వాసన, నాలుగు రోజుల గంజి కుండ మూత తీసినట్టు. నేను ముక్కు మూసుకుంటె అక్క మొఖం తిప్పుకున్నది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. పోయిన ఆదివారం కట్టిండ్రు. బట్టలు జాడిచ్చిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు బకెట్లల్ల మోసి రోజుకు రెండుసార్లు గుడ్డ మీద పోస్తున్నరు. పోసిన నీళ్లు గుడ్డల ఇంకుతలెవ్వు, జారి గల్లీల పడుతున్నయ్. ఎండితె గుడ్డ అప్పడం లెక్క బిర్రవడుతున్నది, తడిస్తె కంపు కొడుతున్నది. పక్క కార్ఖానాలోళ్లు నవ్వుతున్నరు.

మధ్యాహ్నం కార్ఖానాలకు పోయిన. గడప దాటంగనే వేడి మీద పడ్డది. ఫ్యాన్లు ఎందుకు పెట్టరయ్యా అంటె, గాలికి దూది లేస్తది, పోగులు తెగుతయట. బావ బనీను తడిసి ముద్దయి ఉన్నది. నన్ను చూసి "ఏం మరదలా, మా ఆడోళ్ల యాపారం చూసొచ్చినవా?" అని ఎక్కిరించిండు గని, నవ్వుడుకు గూడ ఓపిక లేదు ఆయనకు.

కార్ఖానా రాజేశం సేఠ్‌ది, మా జగిత్యాల దిక్కు ఆయననే. మర్యాదగనే మాట్లాడిండు. "చూడు అక్కా, నేను వద్దనలే. పైసా అడగకుండ కడతమంటె సరేనన్న. శనివారం దాకా చూస్త. కంపు పోవాలె, లోపల సల్లగుండాలె. రెండు గంటలకు నేనే వచ్చి ఇక్కడ స్టూలేసుకొని కూసుంట. కూసోబుద్ధైతె ఉంచుత, కాకుంటె తీసి బాయిలరుకు అమ్ముత."

గురువారం పొద్దున మిగిలిపోయిన ముక్క ఒకటి చేతిలకు తీసుకున్న. అలవాటే, కొత్త గుడ్డ చేతిలకు వస్తె నలిపి చూస్త. నలిపితె తెల్లటి పిండి రాలింది.

"కుట్టేముందు గీ గుడ్డను నానేసి ఉతికిండ్రా?" అని అడిగిన. మగ్గం మీదికెల్లి దిగిన కోర గుడ్డకు తడపకుండ కత్తెర పెడితె మా ఊర్ల నాకు కుట్టు నేర్పిన సార్ చెయ్యి మీద కొడుతుండె.

నల్లా కాడ ఉన్నోళ్లందరు లేదన్నరు. పోగు తెగకుండ సైజింగ్‌ల గంజి పెడ్తరు, ఆ గంజితోనే నేస్తరు, గంజితోనే తాన్లు కట్టి పంపుతరు. ఉతుకుడు, రంగులేసుడు ఇంకెక్కడనో, ఇంకెవరో చేసే పని. వీళ్లు నేసిన గుడ్డ ఉతికినంక ఎట్లుంటదో వీళ్లకు తెల్వది. ఆ గంజికే నీళ్లు ఇంకుతలెవ్వు, ఆ గంజే పులిసి కంపు కొడుతున్నది.

అక్క ఖోలీ పక్కనే ఉండే భూదవ్వ ముసల్ది పకపక నవ్వింది. "సూడుండ్రే! ఊరికింత గుడ్డ నేసినం గద, ఒక్క మూరెడు ఉతికిన పాపాన పోలే!"

అక్కకు మాత్రం కోపమొచ్చింది. "రైలెక్కి మా తప్పులు ఏరనీకి వచ్చినవా?" అన్నది. నాకు సుర్రుమన్నది. మంచికి చెప్పినా తప్పేనా అని ఎదురు మాట్లాడిన. అక్క కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది. అప్పుడు అర్థమైంది, దానికి కోపం నా మీద కాదు. ఆదివారం ఇంకా మూడు రోజులే ఉన్నది.

ఉతకాలంటె నీళ్లు కావాలె. తాగనీకె చాలని గల్లీల ఇంత బొంతకు నీళ్లు ఏడికెల్లి తెస్తం? టాంకర్ పిలుద్దమంటె పైసలు ఎవరి దగ్గరున్నయ్. గందరగోళం నడిమిల భూదవ్వ లేచింది. "రేపు శుక్రారం. కార్ఖానాలు బందు, మొగోళ్లు ఇంట్లనే ఉంటరు. నా రెండు బకెట్లు నేనిస్త. ఒక్క పూట తానం చెయ్యకుంటె సస్తనా?" అన్నది. తర్వాత ఆటో ఆయన భార్య, మరాఠీ బడిల చదివిన పిల్ల, "మాఝే పణ్ దోన్, భూదవ్వా, నాయి గూడ రెండు రాసుకో" అన్నది. పన్నెండు ఇండ్లు ఒప్పుకున్నయ్. ఒకామె రెండు ఇయ్యను, ఒకటే ఇస్తనన్నది, ఆమెకు చంటిపిల్ల ఉన్నది. ఆమె దగ్గర అసలే తీసుకోవద్దన్నరు గని, ఆమె పట్టువట్టి ఇచ్చింది.

గురువారం పొద్దుమూకినంక గుడ్డ దించి, డ్రమ్ములల్ల ఆనాటికి మిగిలిన నీళ్లల్ల నానేసినం. శుక్రవారం నల్లా రాంగనే మొదలైంది. గల్లీ బండల మీద మొగోళ్లు కాళ్లతోని తొక్కుడు, ఆడోళ్లు పిండుడు. ఒక ముక్క జాడిచ్చిన నీళ్లు ఇంకో ముక్కకు, ఆ నీళ్లు మూడో ముక్కకు. పాల లెక్క తెల్లటి నీళ్లు మోరిల పారినయ్. బావ గూడ ప్యాంటు మోకాళ్ల దాక మడిచి తొక్కిండు. ఎర్ర కొంగుతోని కుట్టిన చేప రంగు ఇడిసి గులాబి చేపైంది, చేపలామె మొత్తుకున్నది.

పదకొండింటికి ఎండిన గుడ్డ పట్టుకొని రేకులెక్కితె ఇంకో తంటా. కురచైంది. తడిస్తె గుడ్డ కురచైతదని నాకు తెల్వదా? నీళ్ల తిప్పలల్ల పడి ఆ మాటనే మర్చిపోయిన. ఒక దిక్కు మూరెడు రేకులు బయట పడ్డయ్, సరిగ్గ బావ సాంచెల మీదనే. ఈసారి తప్పు నాది. నోరు మూసుకొని, ఎదురింటోళ్ల కుట్టు మిషన్ అడుక్కొని కూసున్న. ఇంటికో పాత చీర ఇచ్చిండ్రు. అది గూడ చాలకుంటె నేను కప్పుకోనీకి తెచ్చుకున్న దుప్పటి కత్తిరించిన. సాయంత్రం ఐదింటికి కట్టుడు అయిపోయింది. ఆనాడు చాళిల ఎవ్వరు తానం చెయ్యలే. అందరి దగ్గర ఒకటే చెమట వాసన, ఎవరిని ఎవరు అనెటట్టు లేదు.

శనివారం పొద్దున పదింటికి, ఒంటిగంటకు వాడిన నీళ్లు పోసిండ్రు. ఈసారి జారలే. గుడ్డ తాగింది. అక్క చెయ్యి పెట్టి చూసి మళ్ల చూసింది.

రెండు గంటలకు సేఠ్ వచ్చిండు. స్టూలేసుకొని సాంచెల నడుమ కూసున్నడు. మేము దర్వాజ కాడ నిలవడ్డం. చల్లగుందని నేను చెప్పను, అది చల్ల కాదు. గని బుధవారం గడపల నా మీద పడ్డ వేడి ఇప్పుడు లేదు, ఊపిరి ఆడుతున్నది. సేఠ్ సాంచెల దిక్కే చూస్తున్నడు. పావుగంట, అరగంట. అక్క నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయ్. మూడైతుండంగ సేఠ్ లేచి బావ దగ్గరికి పోయి చెవుల ఒర్రిండు: "ఏంది నర్సన్నా, పోగులు తెగుతలెవ్వు?"

"తేమ ఉన్నది సేఠ్. తేమకు పోగు ఆగుతది" అన్నడు బావ.

సేఠ్ బయటికొచ్చి రేకుల దిక్కు ముక్కు ఎగబీల్చి చూసిండు. చేప ఎందుకు గులాబి అయిందని అడిగిండు. తర్వాత భూదవ్వ దిక్కు తిరిగి, "నార్పోలిల నాకింకో షెడ్డు ఉన్నది. దానికి ఎప్పుడు కుడుతరు? ఈసారి ఉత్త చేతుల పని కాదు, కూలి ఇస్త. నీళ్లు గూడ నేనే పెడ్త" అన్నడు. భూదవ్వ వెంటనే ఒప్పుకోలే. "అడిగి చెప్తం" అన్నది.

ఆదివారం తిరుగు ప్రయాణం. కామత్‌ఘర్ నుంచి మూడు గంటలకు కోరుట్లకు సీదా ప్రైవేట్ బస్సు ఉన్నది. కిటికీ సీటు దొరికింది. ఈ ఐదు రోజుల మీద ఏమంటవని ఎవరన్న అడిగితె, ఎక్కువ చెప్పను. వానకాలం రాంగనే గుడ్డ దించాలె, రెండు ఎండకాలాలు ఆగితె గొప్ప. ఎండలు మాత్రం తగ్గయ్. సైజింగ్ పొగ గొట్టాలు నేను పోయినప్పుడు ఎట్లున్నయో వచ్చేటప్పుడు అట్లనే పొగ ఇడుస్తున్నయ్. గని నీళ్లు చాలని గల్లీ నీళ్లు ఇచ్చుడు నేను చూసిన. కుట్టు చూడనీకి పోయిన, అది చూసొచ్చిన.

బస్సు కాడికి అక్క వచ్చింది, భూదవ్వ వచ్చింది, చేపలామె గూడ వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టంగ కిటికీలకెల్లి అడిగిన, "బావేడే?"

"పనిల ఉన్నడు" అన్నది అక్క. "పొద్దుగాలనే ఫోన్ చేసి రానని చెప్పిండు కాల్హేరోళ్లకు."

మధ్యాహ్నం మూడు గంటలు. రోడ్డు మీద కుక్క గూడ లేదు. అక్క నవ్వుకుంటనే కొంగు కండ్లకు అద్దుకున్నది. ముప్పై ఏండ్లల నేను ఎన్నిసార్లు వచ్చినా బావే వచ్చి బస్సెక్కిస్తడు, సంచి పైన పెట్టి, నీళ్ల సీసా చేతికిచ్చి, కదిలిందాక నిలవడుతడు. ఈసారి సంచి నేనే పైన పెట్టుకున్న. ఒక మనిషి రానందుకు నాకు ఇంత సంబరం ఎన్నడు కాలే.