మా పాటను భూమి మాట నుంచి వేరు చేసిన మనిషి

రంగనాథం సారు పరమపదించారని గిద్దలూరు నుంచి వచ్చిన ఆటో అతను చెబితే నేను నమ్మలేదు. మొన్ననే మా ఇంట జొన్నరొట్టె తిని, కూరలో ఉప్పు ఎక్కువైందని వంకపెట్టి పోయిన మనిషి. భూకంప శాస్త్రంలో ఆయన పాండిత్యం ఎంతటిదో కొలిచే శక్తి నాకు లేదు. మనుమరాలితో కలిసి అక్షరాలు దిద్దిన ముసలిదాన్ని. ఎరిగినంత రాస్తాను.

కొన్నేళ్ళ కిందట పెద్ద భూమి అదురు వచ్చి మా బండల మిద్దె గోడ నిలువునా చీలింది. ఆ వారంలోనే సారు రాచర్ల దాటి మా పల్లెకు వచ్చారు. పెద్ద అదురు వెనక చిన్నవి వస్తూనే ఉంటాయనీ, అవి తగ్గుతున్నాయో లేదో యంత్రం పాతిపెట్టి చూడాలనీ అన్నారు. అలికిడి లేని చోటు కావాలంటే చర్చి వెనక స్థలం చూపాం.

"ఆరు దినాలు ఆడ ఒక్క పిట్ట గూడ కూయదు సారూ" అన్నాడు మా పాస్టరు. ఏడో దినం సంగతి సారు అడగలేదు, మేమూ చెప్పలేదు.

సోమవారం సారు యంత్రం గీసిన గీతల కాగితం పట్టుకొని పరుగున వచ్చారు.

"అక్కా, నిన్న పొద్దున మీ ఊళ్ళో ఇండ్లేమన్నా పడినాయా?"

"ఇండ్లెందుకు పడతాయి? ఆరాధన జరిగింది. డోలు కొట్టినాం. పిల్లోళ్ళు ఎగిరినారు."

ఆయన కడుపు పట్టుకొని నవ్వారు. ఇంకొకరైతే యంత్రం పెరుక్కొని పోయేవారు. ఆయన అందరినీ పిలిపించి, "మళ్ళొకసారి అదే పాట పాడండి. మీ గీత ఎట్లుంటదో తెలిస్తే, దాన్ని పక్కన బెట్టి భూమిది చదువుకుంటా" అన్నారు.

అక్షరాలకంటే ముందు ఆ గీతలు చదవడం నాకు ఆయనే నేర్పారు. ముందు సన్న వణుకు, వెనక పెద్ద వణుకు. మెరుపుకూ ఉరుముకూ మల్లే, వాటి మధ్య ఎడం పెరిగేకొద్దీ అదురు పుట్టిన చోటు అంత దూరం. మా పాటలో ఆ వరస లేదు, ఆసాంతం గందరగోళమే.

నాకు మాత్రం కావలసింది ఒక్క మాట. కోడలు పచ్చి బాలింత. పసిబిడ్డతో ఆరుబయట టార్పాలిన్ పట్టా కింద చలిలో పడుకుంటోంది.

"ఇంట్లోకి పోవచ్చునా సారూ?"

"అదురులు పలచబడినాయి అక్కా. ఇంక రావని మాత్రం చెప్పలేను. నాకు తెలియదు."

"ఇంత చదువు చదివి తెలియదంటే, ఆ చదువు ఏం జేసుకోవాల?"

ఆయనకు కోపం రాలేదు. "చంపేది భూమి గాదు, నెత్తి మీది బండ. ముందు ఆ గోడ సంగతి చూడు."

పాస్టరూ చుట్టాలూ ధైర్యం చెప్పారు. చెప్పనిది ఆయనొక్కరే. ఆయన మాటే విన్నాను. గోడకు మేస్త్రి దొరకకముందే ఒక చిన్న అదురు వచ్చింది. బండలు సరిగ్గా ఉయ్యాల కట్టే చోట పడ్డాయి. ఉయ్యాల బయట పట్టా కింద ఉంది. తెలియనిదాన్ని తెలియదని చెప్పగలగడం ఎంత గొప్ప విద్యో ఆ దినం నాకు బోధపడింది.

పోయిన ఆదివారం ఆయన పేర మౌనం పాటిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, డోలు తెమ్మన్నాను. ఆనాటి ఉయ్యాలలో పిల్ల, నాతో అక్షరాలు దిద్దిన నా మనుమరాలు, అందరికంటే ఎక్కువ ఎగిరింది. యంత్రం ఇంకా చర్చి వెనక పాతిన గుంటలోనే ఉంది. సారు శిష్యురాలు ఈ ఆదివారపు గీతను నాకు పంపింది. ఆసాంతం గందరగోళం, మా పాటే. దాన్ని పక్కన బెట్టమని ఆ శిష్యురాలికి నేను చెప్పలేదు.