మగకుక్కకు స్కానింగ్

ఆ రోజుల్లో మా కడపలో స్కానింగ్ అంటే ఒకటే అర్థం, ఎవరి కోడలో కడుపుతో ఉందని. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిందేమో. ఒక పొద్దున ఒళ్ళో మా కుక్కను పెట్టుకొని ఆటోలో పోతుంటే టీ అంగడి దగ్గర ఒకాయన, "యాడికి పెద్దాయనా?" అన్నాడు. "స్కానింగ్‌కు" అన్నాను.

"ఎన్నో నెల?"

"మగకుక్కప్పా ఇది!" అని అరిచాను. బెంచీ మీదున్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. కుక్కయితే కడుపులో రక్తం ఉండదా? దెబ్బ తగిలితే కారదా? ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అంతకు కాసేపటి ముందే, మా ఇంటి ముందు ఆటో వెనక్కి తీస్తుంటే చక్రం దానికి తగిలింది. లేచి నాలుగడుగులు నడిచి పడుకుంది. పైన గాయం లేదు గాని చిగుళ్ళు తెల్లబడ్డాయి. ఆటో అతను మా వీధి సాయిబే, ముఖం వాడిపోయి, "ఎక్కు పెద్దాయనా, రైల్వేస్టేషన్ కాడ కుక్కల డాక్టరు స్కానింగ్ మిషన్ కొన్యాడు. నా ఆటోలోనే తెచ్చింటి" అన్నాడు.

డాక్టరు కుర్రవాడు. బ్లేడుతో కుక్క పొట్ట గొరిగి, చల్లటి జిగురు పూసి, సబ్బుబిళ్ళంత ముక్కను దాని మీద జరుపుతూ పోయాడు. తెర చూస్తే నల్లబండ మీద జొన్నపిండి చల్లినట్టుంది.

"నల్లగా కనబడేది నీళ్ళన్నా కావాల, రక్తమన్నా కావాల" అన్నాడు.

"అదిగో, నల్లగా ఉండాది!" అన్నాను.

"అది ఉచ్చతిత్తి పెద్దయ్యా. పగల్లేదు, మంచిదే."

పక్కటెముకల కింద చూశాడు, రెండు పక్కలా చూశాడు. ఇంకెక్కడా నలుపు లేదు. కుక్కకు సెలైన్ పెట్టి, "కాసేపుండి మళ్ళా చూస్తా" అన్నాడు.

నాకు రేగింది. "ఒకసారి చూస్తే కనబడనిది రెండోసారి కనబడతాదా? ఇదేం మిషనప్పా?"

"మీ వీధి కొళాయిలో నీళ్ళెట్లొస్తాయి?"

"చుక్క చుక్క వస్తాయి."

"బిందె అడుగు తడిసేదానికే శానాసేపు పడతాది గదా. లోపల రక్తం అట్ల కారతాంటే, పోగయినాకనే నాకు కనబడేది."

బడి ముఖం చూడనివాణ్ణి. అంగట్లో పొట్లాలు కట్టే కాగితాలు చదివి ఇంతవాణ్ణయ్యాను, ఎవరితోనైనా వాదిస్తాను. కాని కొళాయి ముందు బిందె పెట్టుకొని ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకు తెలుసు. పోయి వరండాలో కూర్చున్నాను.

"ఏం లేదన్యాడు గదా, పోదాం పా" అన్నాడు సాయిబు.

"మళ్ళా చూస్తానన్యాడు. చూడకుండా ఎట్లిడుస్తా? నువ్వు పోతే పో."

పోలేదతను. వరండాలో నా పక్కనే కూర్చొని గోళ్ళు కొరుక్కున్నాడు. ఎండ మా కాళ్ళ దాకా వచ్చింది.

రెండోసారి తెర మీద, ఇందాక ఏమీ లేని చోట, కాలేయం పక్కన సన్నటి నల్లచార. డాక్టరు అక్కడే సూది గుచ్చి లాగితే ఎర్రగా వచ్చింది. గాజు గొట్టంలో పోసి అటూ ఇటూ వంచాడు.

"గడ్డకట్టలే. సూది నరానికి తగిలి వచ్చింటే గడ్డకట్టేది. లోపల కారిన రక్తమే. ఇప్పుడే కడుపు కోయాల. బతుకుతాదని మాట మాత్రం ఇయ్యలేను."

"కొయ్యి" అన్నాను.

సాయిబు కళ్ళు తుడుచుకున్నాడు. "నేను వెనక చూసుకోలేదు పెద్దాయనా."

"దేవుణ్ణి అడుక్కో. నన్ను కాదు."

ఆపరేషన్ గది తలుపు తెరిచేసరికి డాక్టరు చొక్కా తడిసి ఉంది. కడుపులో రక్తం నిలవుండే ప్లీహం చీలిందట, తీసేశాడట. ప్లీహం అనే మాట నేనొక పాత వైద్యం పుస్తకపు చిరిగిన పేజీలో చదివాను. అది లేకుండా బతకవచ్చని ఆ పేజీలో లేదు. ఆ మాటే అంటే, "బతకొచ్చులే పెద్దయ్యా. లేచి ఉచ్చ పోసినాక ఇంటికి తీస్కపో" అన్నాడు.

మర్నాడు సాయంత్రం దాన్ని నడిపించుకుంటూ బయటికి తెచ్చాం. గొరిగిన పొట్టకు కట్టు, తూలుతున్న నడక. ఆటో దగ్గర ఆగింది. వెనక చక్రం వాసన చూసింది. కాలెత్తడానికి ఓపిక లేక, వంగి, సగం చక్రం మీదా సగం తన కాళ్ళ మీదా పోసుకుంది.

"పోయ్! ఇంకా పోయ్!" అన్నాడు సాయిబు, చేతులు రెండూ పైకెత్తి.