నొక్కితే పొంగిన ఉండ

ఐర్లండ్‌లో, డ్రోహెడాలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, తిండి పార్శిల్ కట్టిచ్చే చైనావాళ్ల చవక కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టామె నువ్వులద్దిన ఉండల్ని నూనెలో వేసి గరిటెతో నొక్కుతోంది. నా బూరెలైతే ముట్టుకోకుండానే పగులుతాయి.

"పగిలిపోద్ది, నొక్కొద్దని చెప్పవే."

"ఆవిడ షాపమ్మా అది. నువ్వూరుకో."

నొక్కేకొద్దీ ఉండలు నారింజపండంత పొంగాయి. ఒక్కటీ పగల్లేదు. ఆ కిటుకు తెలుసుకోకుండా కదలనన్నాను. మా అమ్మాయి అడిగితే కొట్టామె నవ్వుతూ చెప్పింది.

"జిగురుబియ్యం పిండంటమ్మా. సన్నసెగ మీద పొంగేదాకా నొక్కుతూనే ఉండాలంట."

అరవయ్యేళ్లకు నేర్చుకున్న అక్షరాలు నేనెప్పుడూ అంత వేగంగా రాయలేదు. కొన్న ఉండలు వేసిచ్చిన కాగితం సంచి మీదే అదంతా రాసేసుకున్నాను. ఒకటి కొరికి చూసి, ఇంకో మాట చేర్చాను: లోపల తియ్యటి పప్పు, అచ్చం మన పూర్ణమే.